బావి మూసేసిన వేసవి

ఇప్పుడు నేను లేచి తిరుగుతున్నాను. అన్నం సహిస్తోంది. తల దువ్వుకుంటే కుచ్చులు కుచ్చులుగా ఊడివచ్చే జుట్టు కూడా నిలబడింది. ఎదురైనవాళ్లంతా "ఎట్ల బతికితివి తల్లీ" అని అడుగుతారు. "దేవుడి దయ" అంటాను. ఆ మాట అన్న ప్రతిసారీ నా కళ్లు పక్కింటి అరుగు మీదికి పోతాయి. నా గడప దాకా వచ్చిన ఆ దయ పక్క గడపకు ఎందుకు పోలేదో నాకు తెలియదు.

కలరా గురించి రాయాలంటే డాక్టర్లు రాయాలి. నేను అయిదో తరగతి చదివి మానేసిన మనిషిని. అందుకే జబ్బు గురించి తక్కువే రాస్తాను. ఆ రోజుల్లో మేము ఏం కొన్నాం, ఏం తిన్నాం, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నాం, ఒకరి మొహం ఒకరు ఎట్లా చూసుకున్నాం, అదీ రాస్తాను. గండం గడిచి ఇల్లు చేరినా, వీధిలోకి అడుగు పెట్టాలంటే కాళ్లు రాని మనిషి నాలాగే ఇంకెక్కడైనా ఉంటే ఆమె కోసం. కొంత నా గుండె కుదుటపడటానికి కూడా.

చైత్రం

యుద్ధం అయిపోయిన మరుసటి వేసవి అది. మాది తిరుపతి బజారు వీధి వెనక సందు. సందు చివర బావి. అన్ని ఇళ్లకూ అదొక్కటే. మా ఆయన మునిరత్నం ఇత్తడి సామాన్ల అంగడిలో పని చేస్తాడు. మాకు నాలుగేళ్ల పాప. మా గోడను ఆనుకుని ఉన్న ఇల్లు చెంగమ్మక్కది. వయసులో నాకంటే పెద్దది. ఆమె భర్త దొరస్వామన్న తోపుడు బండి మీద స్టేషన్ నుంచి అంగళ్లకు సరుకు చేరవేస్తాడు. ఆయన తల్లి మునెమ్మవ్వ పొద్దు పొడిచినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా అరుగు మీదే ఉండేది.

నేనూ చెంగమ్మక్కా కలిసే కూరగాయల బజారుకు పోయేవాళ్లం. బేరం ఆమెది, మోత నాది. ఇంటికి వచ్చి అరుగు మీద గంప దించితే పంపకం అవ్వది. వంకాయలు అటు కొన్ని ఇటు కొన్ని తోసి, "కనకా, నీకు చిన్నబిడ్డ ఉండాది, లేతవి నువ్వు ఎత్తుకో" అనేది. "అట్లయితే ముదురువి మేము తినాల్నా?" అని కోడలు అరిచేది. "నాకు పండ్లు లేవు. ఏ కాయయితే ఏమి?" అని అవ్వ బోసినోటితో నవ్వేది.

ఉగాది దాటిన కొద్ది రోజులకే ఊళ్లో కలరా అన్నారు. తప్పెట కొట్టేవాడు సందు సందూ తిరిగి నీళ్లు కాచి తాగమన్నాడు, కోసిన పండ్లు కొనొద్దన్నాడు, ఈగలు వాలింది తినొద్దన్నాడు. మునిసిపాలిటీ వాళ్లు కూరగాయలు కడుక్కోవడానికి ఊదారంగు మందు పంచిపెట్టారు. ఆ పొద్దు నుంచి చెంగమ్మక్క మా సందుకంతా పెత్తందారు అయింది. ఆకుకూరలు వద్దే వద్దంది, కాలవ నీళ్లు చల్లి అమ్ముతారని. దోసకాయ వద్దంది. మజ్జిగ అమ్మే ఆమెను సందు మొదట్లోనే ఆపి తిప్పి పంపింది. సొరకాయ, గుమ్మడి, కంద, అరటికాయ, తోలు తీసి ఉడకబెట్టేవి తప్ప మా గంపలో ఇంకేమీ పడేది కాదు. అవి కూడా మందు నీళ్లలో మునిగి తేలేవి. ఏ కూర చేసినా ఆసుపత్రి వాసనే. చిల్లర నాణేలు సైతం వేడి నీళ్లలో వేసి తీసేవాళ్లం.

అన్నిటికంటే కష్టమైంది సద్ది మానడం. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, పొద్దున ఉప్పు, ఉల్లిపాయ వేసుకుని తాగకపోతే మా వైపు పొద్దు మొదలైనట్టే కాదు. అవ్వ రోజూ గొడవ పడేది.

"ఈ ఎండకు సలసల కాగే సంగటా? మనిషిని బయట ఎండ, లోపల సంగటి ఉడకబెడతాండాయి!"

"సద్ది తాగి సస్తావా?" అని చెంగమ్మక్క.

"సద్ది తాగే ఇంతకాలం బతికినా."

సూదులు వేసేవాళ్లు వచ్చినప్పుడు మేమంతా వేయించుకున్నాం. చేతులు వాచి రెండు పూటలు పొయ్యి దగ్గర మూలిగాం. ఆ రోజు అవ్వకు ఒళ్లు వెచ్చగా ఉందని, ఇంకోసారి వచ్చినప్పుడు వేస్తామని ఆమెను వదిలిపెట్టి పోయారు. ఆ ఇంకోసారి రాలేదు.

వైశాఖం

మా ఆయన అంగడికి పోయిన తర్వాత వాకిలి ఊడుస్తున్నాను. కడుపులో ఏదో తిరిగినట్టయింది. ఎండ దెబ్బ అనుకున్నాను. కాసేపటికి చీపురు పట్టుకునే ఓపిక పోయింది. ఇంకాసేపటికి లేచి పెరట్లోకి పోయే ఓపిక కూడా పోయింది. పాప ఏడుస్తూ పక్కింటికి పరుగెత్తింది.

చెంగమ్మక్క వచ్చి నన్ను చూసి, నా చీర మార్చింది. మార్చింది కూడా పాడైతే తన చీర తెచ్చి కట్టింది. నేను సిగ్గుతో మొహం గోడకు తిప్పుకుంటే, "నాకాడ సిగ్గేంది మే? రేపు నాకైతే నువ్వు సేయవా?" అంది. పాడైన చీరలు చుట్టి తీసుకుపోయి బావి దగ్గర బండ మీద ఉతికి ఆరేసింది. అజీర్ణం అనే అనుకుందామె. మునెమ్మవ్వ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని శొంఠి పొడి వేసి రుద్దింది. అంత ఎండలో నా పాదాలు చల్లగా ఉన్నాయని అవ్వే మొదట గమనించింది.

"చెంగా, ఇది వట్టి కడుపు నొప్పి కాదు. బిడ్డ వేళ్లు సూడు."

నా వేళ్లు చాలాసేపు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. చెంగమ్మక్క మొహంలో రంగు పోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

జట్కా అతను వీధి మొదట్లోనే సంగతి విని గుర్రాన్ని తిప్పుకున్నాడు. దొరస్వామన్న తన తోపుడు బండి ఖాళీ చేసుకుని వచ్చాడు. "ఒట్టి చెక్క మింద ఎట్ల పండుకుంటాది?" అని అవ్వ తను కప్పుకునే బొంత తెచ్చి పరిచింది. బండి కదిలినప్పుడు నా పాప చెంగమ్మక్క చంకలో ఉంది. నేను చెయ్యి చాపాను. ఆమె పాపను నా వైపు వంచలేదు, ఒక అడుగు వెనక్కి వేసింది. అదే మంచి పని. తెలిసి కూడా ఆ అడుగు నా గుండె మీద పడింది.

ఊరి బయట తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డు అది. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. మా వాళ్లను లోపలికి రానివ్వరు. మా ఆయన బయట చింతచెట్టు కింద కూర్చునేవాడని తర్వాత తెలిసింది. తలుపు తెరిచినప్పుడల్లా లేచి నిలబడేవాడట. ఎవరినైనా గుడ్డ కప్పి తీసుకువస్తే వాళ్ల పాదాలు చూసేవాడట, నా మెట్టెల కోసం.

లోపల నాకు గుర్తున్నది దప్పికే. ఆ దప్పిక గురించి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. చేతికి సూది గుచ్చి సీసాల్లో నీళ్లు ఎక్కించారు. మా అమ్మ వయసున్న నర్సమ్మ ఒకామె తడిగుడ్డతో పెదవులు తుడిచేది. పక్క మంచంలో యాత్రకు వచ్చిన ముసలామె. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. నీళ్ల కూజా తీసుకుని నర్సమ్మ వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యెత్తి నన్ను చూపించేది, ముందు ఆ పిల్లకు నీళ్లు పొయ్యి అన్నట్టు. నేను వద్దనలేదు. వద్దనే స్థితిలో లేను, అనాలని అనిపించనూ లేదు. ఒక పొద్దున కళ్లు తెరిస్తే ఆ మంచం ఖాళీగా ఉంది. దాని మీద సున్నం చల్లుతున్నారు. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

ఒళ్లు కాస్త వెచ్చబడ్డాక, చేసేది ఏమీ లేక, నేను కొన్నవన్నీ ఒక్కటొక్కటిగా తలుచుకునేదాన్ని. బెల్లం కొన్నప్పుడు ఈగలు ఉన్నాయా? తమలపాకులు అంగడివాడు తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు, ఆ గుడ్డ ఎక్కడి నీళ్లతో తడిపాడో? అన్నిటినీ మందు నీళ్లలో కడిగాం గానీ తమలపాకుల సంగతి ఎవరికీ తోచలేదు. లేకపోతే పాపకు కొన్న బొరుగుల ఉండా? దానిలో సగం నేను తిన్నాను. ఎంత వెతికినా ఇదీ అని ఒకటి దొరకలేదు. దొరికితే దాన్ని తిట్టుకుని ఊరుకునేదాన్నేమో.

జ్యేష్ఠం

ఇంటికి పొమ్మన్న రోజు గోడ పట్టుకుని బయటికి వచ్చాను. చింతచెట్టు కింద మా ఆయన, పక్కన తోపుడు బండి. బండి పట్టుకుని ఎవరో గుండు చేయించుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. దగ్గరికి పోయేదాకా అది దొరస్వామన్న అని పోల్చుకోలేదు.

"అన్నా..." అన్నాను.

"అమ్మ పోయింది లేమ్మా," అన్నాడాయన. "నువ్వు మెల్లిగా ఎక్కు. ఎండగా ఉండాది."

తల్లి పోయిన మనిషి నన్ను బండి మీద కూర్చోబెట్టి తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. దారి పొడుగునా ఆయన కాలి చప్పుడు నా వెనక వినిపిస్తూనే ఉంది. మా ఆయన నా పక్కన నడుస్తూ మెల్లగా చెప్పాడు. నేను షెడ్డుకు వచ్చిన తర్వాత కొద్ది రోజులకే అవ్వకు మొదలైందట. షెడ్డు దాకా తీసుకురావడానికి కూడా వ్యవధి లేకపోయింది. మా పాప అప్పుడు ఆ ఇంట్లోనే ఉంది. ఒక గదిలో అవ్వ పోతుంటే, పెరట్లో చెంగమ్మక్క నా బిడ్డకు కాచిన నీళ్లు చల్లార్చి తాగిస్తూ ఉందట.

సందులోకి రాగానే బావి కనిపించింది. పైన పలకలు కొట్టి, ఎర్ర రంగుతో గుర్తు వేశారు. చేంతాడు లేదు, గిలక లేదు. సందులోని ఆడవాళ్లంతా కడవలు చంకన పెట్టుకుని రైలు గేటు అవతల తోట బావికి పోతున్నారు. నడి వేసవి. నేల కాలుతోంది. నన్ను చూసి అందరూ ఆగారు.

"వచ్చినావా తల్లీ. సిక్కిపోయినావే."

"గంజి కాంచుకో. ఉప్పేసుకోని తాగు."

ఒక్కరు కూడా బావి మాట ఎత్తలేదు. చెంగమ్మక్క పాప చెయ్యి పట్టుకుని వచ్చి మా గడప దగ్గర వదిలి, "అన్నం తినింది" అని చెప్పి వెనక్కి తిరిగింది.

మునిసిపాలిటీ మనిషి వచ్చి బావి దగ్గర బట్టలు ఎవరైనా ఉతికారా అని అడిగాడని మా ఆయన చెప్పాడు. చెంగమ్మక్కే ముందుకు వచ్చి, ఉతికానని చెప్పిందట. ఎవరి బట్టలంటే మాత్రం మాట్లాడలేదట. అవ్వకు బావి నీళ్ల వల్ల వచ్చిందో, నా కాళ్లు రుద్దినందుకు వచ్చిందో, ఆమె తిన్నదేదో ఆమెకు చెడు చేసిందో తేల్చి చెప్పేవాళ్లు లేరు. నాకు మాత్రం ఏ దారిన పోయినా చివరికి నేనే కనిపించేదాన్ని.

మా ఇల్లంతా సున్నం వాసన. నా చాప కాల్చేశారు. మా ఆయనే బజారుకు పోయి, ముదిరిన సొరకాయలు తెచ్చి, పొగలో కళ్లు నులుముకుంటూ వండేవాడు. దినుసుల అంగడి శెట్టి ఆయనను మెట్టు కిందే నిలబెట్టి, చాటలో పప్పు పోసి, చాట జరిపేవాడట. నేను పాపను ఒళ్లోకి రానివ్వలేదు. చెంబు ముట్టుకున్నాక వేడి నీళ్లతో కడిగి, కడిగిన చెయ్యి మళ్లీ కడిగేదాన్ని. కట్టెలు దొరకని రోజులు. నీళ్లు కాయడానికే మోపులు అయిపోతున్నాయి. దానికీ నేనే కారణం అనిపించేది.

రోజూ పొద్దున తలుపు తీస్తే గడప పక్కన కడవ నిండా నీళ్లు ఉండేవి. రైలు గేటు అవతలి నుంచి చెంగమ్మక్క మోసి తెచ్చినవి. తలుపు తట్టేది కాదు. ఒక్కోసారి కడవ పక్కన కంద ముక్కో, గుమ్మడి చెక్కో ఉండేది. గోడ అవతల ఆమె పొయ్యి ఊదడం వినిపించేది, దగ్గడం వినిపించేది. నాతో మాట మాత్రం లేదు. నాకు కావలసింది ఆ నీళ్లు కాదు. ఆమె వచ్చి నా జుట్టు పట్టుకుని, "మా అత్తను తినేసినావు" అంటే బాగుండునని ఎదురు చూశాను. తిట్టు తినడానికి అంత ఆకలి ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు. ఒకరోజు గోడ దగ్గర నిలబడి, "అక్కా, నన్ను ఒక మాట అను" అన్నాను. అవతల గిన్నె చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

నడవగలిగాక రేషన్ అంగడికి పోయాను. వరసలో ఉన్నవాళ్లు నన్ను గుర్తుపట్టి పక్కకు జరిగారు. "ముందు పోమ్మా, నీరసంగా ఉండావు" అన్నారు. అది జాలో భయమో తెలియలేదు. అందరికంటే ముందు బియ్యం పోయించుకుని, తల వంచుకుని వచ్చేశాను.

ఆషాఢం

రెండు మంచి వానలు పడ్డాయి. ఊళ్లో జబ్బు తగ్గిందన్నారు. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి బావిలో మందు కలిపి, కొన్నాళ్లు ఆగి, నీళ్లు తోడించి పారబోసి, పలకలు తీశారు. సందులో ఆడవాళ్లు కొత్త చేంతాడు కట్టి, గిలకకు పసుపు పూసి, నీళ్లు చేదుకున్నారు. నేను తలుపు సందు నుంచి చూశాను. పోలేదు.

మరుసటి పొద్దు నుంచి కడవ ఎత్తుకుని రైలు గేటు అవతలి తోట బావికి పోవడం మొదలుపెట్టాను. ఒంట్లో ఇంకా బలం చేరలేదు. గేటు దగ్గర ఒకసారి, అరటి తోట దగ్గర ఒకసారి కడవ దించి ఆగాల్సి వచ్చేది. మా ఆయన కోప్పడ్డాడు. నేను వినలేదు. వాళ్లంతా నా వల్ల నడిచిన దారి అది. నేనూ నడవాలి కదా అనుకున్నాను. మా సందు బావిలో చేద వేసే అర్హత నాకు లేదనుకున్నాను.

అట్లా కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున నిండు కడవతో సందు మలుపు తిరిగేసరికి చెంగమ్మక్క అడ్డంగా నిలబడి ఉంది.

"యాడికి పోయొస్తాండావు?"

"నీళ్లకు అక్కా."

"ఈడ బావి ఉండంగా ఆడికెందుకు పోతాండావు? నీకేమన్నా పిచ్చా?"

ఆమె గొంతు పెరిగింది. ఇళ్లలోంచి తలలు బయటికి వచ్చాయి.

"రోజూ ఆ కడవ మోసుకోని నా వాకిటి ముందర పోతావే, నాకు సూపించాలనా? సూడండి, నేనెంత బాధ పడతాండానో అనా? నువ్వు బాధ పడితే మా అత్త లేసొస్తాదా?"

"నా వల్లే కదక్కా అవ్వ..."

"నోరు ముయ్యి! నీ సీర ఉతికింది యెవురు? నేను. ఈ చేతులతో. ఆ బావి బండ మింద. నువ్వు ఉతకమని అడిగినావా? నాకేమన్నా తెలిసి ఉతికినానా? నేను యాడికి పోవాల? ఏ బావికి పోవాల? చెప్పు!"

నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఆమె నాతో మాట్లాడనిది నా మీది కోపంతోనే కాదు. నా మొహం చూస్తే ఆమెకు ఆ చీరలు కనిపించేవి.

కడవ దించేశాను. ఏడుపు ఆగలేదు. "నా మీద కోపం లేదా అక్కా?" అన్నాను.

చెంగమ్మక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఉండాది," అంది. "లేదంటే అబద్దం. నువ్వు బతికొచ్చినావు, ఆమె పోయింది. అరుగు సూసినప్పుడల్లా కోపం వస్తాది. నీ మింద వస్తాది, నా మింద వస్తాది, ఆ సూదులోళ్ల మింద వస్తాది. ఎప్పుడు పోతాదో నాకు తెలీదు. కోపం ఉంటే ఏమి మే? కోపం ఉంటే ఒక బావిలో నీళ్లు తోడుకోకూడదా? మీ ఇంట్లో ఎవురికీ ఎవురి మిందా కోపం ఉండదా?"

అని, కడవ ఎత్తి, అందులోని నీళ్లు సందు మధ్యలో కుమ్మరించేసింది. అంత దూరం మోసుకొచ్చిన నీళ్లు. "పో," అంది. "ఈడ తోడుకోనిపో. నేనింక నీకు మోయను."

నేను బావి దగ్గరికి నడిచాను. ఆమె నా వెంట రాలేదు. అరుగు మీద కూర్చుని చూసింది. చేద నీళ్లను తాకిన చప్పుడు వినిపించింది, తాడు లాగడం మొదలుపెట్టాను. సగం పైకి వచ్చాక చేతుల్లో పట్టు పోయింది. ఎదురింటి కోడలు పిల్ల ఒకతి వచ్చి తాడు పట్టుకుంది. వెనక నుంచి చెంగమ్మక్క, "వదులు, అదే లాక్కుంటాది" అని కేకేసింది. లాక్కున్నాను.

ఇది రాస్తున్నప్పటికి కార్తీకం వచ్చింది. అంతా మునుపటి మాదిరి అయిందని చెప్పను. కొన్ని రోజులు చెంగమ్మక్క బజారు నుంచి ఇంటిదాకా మాట్లాడుతూనే ఉంటుంది. కొన్ని రోజులు నన్ను చూసి తలుపు వేసుకుంటుంది. అప్పుడు నేను తట్టను. మా పాప మాత్రం ఏ రోజైనా లోపలికి పోతుంది, దానికి ఆ తలుపు మూసిన తలుపు కాదు. నేను ఎవరినీ క్షమించమని అడగడం మానేశాను. అడిగితే వాళ్ల మీద ఇంకో బరువు పెట్టినట్టే అని అర్థమైంది. నా లోపల ఉన్నది మాత్రం పోలేదు. నీళ్లు కాగేటప్పుడు వస్తుంది, తమలపాకు నోట్లో పెట్టుకునేటప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు చేస్తున్న పని ఆపకుండా చేసుకుంటాను.

ఈ పొద్దున చేంతాడు చుట్ట చుట్టకుండా బురదలో వదిలేశానని చెంగమ్మక్క సందంతా వినేట్టు నన్ను తిట్టింది. తాడు కడిగి, చుట్టి, గిలకకు తగిలించి, నా బిందె నింపుకుని ఇంటికి వచ్చాను.